ఉప్పుగాలి తగిలే ఇనుముకు, తడి తగిలే కరెంటు సామానుకు ఏ స్ప్రే?

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు అక్టోబరు అంటే తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి గజపతి కొండల్లో వరదలు తెచ్చింది. అంతటి తుపాను రాని ఏడు కూడా, వానలు వెనకబట్టేసరికి బరంపురం, ఛత్రపురం మొదలుకొని ఇటు ఇచ్ఛాపురం దాకా ఒకే తరహా ఇబ్బందులు బయటపడతాయి: కొట్టు షట్టరు పైకి లేవదు, తాళంచెవి తిరగదు, పంపు స్టార్టరు గుర్రుమంటుంది, ఇన్వర్టరు బ్యాటరీ తీగ మొదట్లో పచ్చటి పొడి పేరుకుంటుంది. వీటన్నిటికీ ఒకటే మందన్నట్టు ఇంట్లో ఉన్న స్ప్రే డబ్బా అందుకోవడం మనకు అలవాటు.

హార్డ్‌వేర్ కొట్టు అలమరలో మాత్రం ఆ డబ్బాలు అరడజను రకాలుంటాయి. మల్టీపర్పస్, రస్ట్ పెనెట్రెంట్, కాంటాక్ట్ క్లీనర్, సిలికాన్ స్ప్రే, చెయిన్ లూబ్, జింక్ స్ప్రే. పొడవు, వెడల్పు, ఎర్రటి గొట్టం అన్నీ ఒకేలా ఉండటంతో లోపలి సరుకు కూడా అటూ ఇటుగా ఒకటే అనిపిస్తుంది. నిజానికి వీటిలో కొన్ని ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. ఒకటి జిడ్డు మిగల్చడానికే పుట్టింది, ఇంకొకటి ఏమీ మిగలకుండా చూడటానికి పుట్టింది.

డబ్బాలో ఉండే మూడు, ఆరాక మిగిలే ఒకటి

ఏ స్ప్రే డబ్బాలోనైనా స్థూలంగా మూడు పదార్థాలుంటాయి. మొదటిది బయటికి తోసే వాయువు. ఇది ఎక్కువగా ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాసు, కొన్నింటిలో కార్బన్ డయాక్సైడు. రెండోది సాల్వెంట్, అంటే అసలు సరుకును పలచన చేసి సందుల్లోకి మోసుకుపోయి, ఆ తర్వాత తాను ఆవిరైపోయే ద్రవం. మూడోది ఆరాక అక్కడే నిలిచిపోయేది: పలచటి నూనె, చిక్కటి గ్రీజు, మైనం, సిలికాన్, టెఫ్లాన్ పొడి, జింకు పొడి, లేదా ఏమీ లేకపోవడం. డబ్బా మీద పెద్ద అక్షరాలు ఏం చెప్పినా, ఆరు నెలల తర్వాత ఆ వస్తువు గతి ఏమిటో తేల్చేది ఈ మూడోదే.

అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40నే ఉదాహరణగా తీసుకుందాం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా నీటిని పక్కకు నెట్టే ద్రవం కావలసి వచ్చింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన సూత్రం కాబట్టి ఆ అంకె పేరులోనే ఉండిపోయింది. అందులో దాదాపు సగం తేలికపాటి పెట్రోలియం సాల్వెంట్; నూనె పాలు అంతకంటే తక్కువ. ఇక్కడే మెకానిక్కులకూ కంపెనీకీ మధ్య పాత వాదం ఒకటుంది. అది అసలు కందెనే కాదని మెకానిక్కులంటారు, అందులో కందెన నూనె ఉందని కంపెనీ అంటుంది. రెండు మాటలూ నిజమే, లెక్కించే కాలమే వేరు. కీచుమనే కీలును ఈ పూట కదిలించడానికి ఆ నూనె చాలు. రోజంతా తిరిగే బేరింగులో ఏడాది పాటు నిలవడానికి చాలదు.

ఎంత మిగులుతుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న షట్టరు మీద 180 మిల్లీలీటర్ల ద్రవాన్ని సమంగా కొట్టామనుకుందాం. అందులో మూడో వంతు నూనె అనుకుంటే మిగిలేది 60 మిల్లీలీటర్లు. దాన్ని ఆరు చదరపు మీటర్లకు పరిస్తే పొర మందం 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. తడిగా ఉండే ఆ పొర మీద దుమ్ము అంటుకుంటుంది, వాన కొంత కడిగేస్తుంది, చేతులు కొంత తుడిచేస్తాయి. మైనం మిగిల్చే తుప్పు నిరోధకం అయితే దీనికి అనేక రెట్ల మందంతో గట్టిగా అతుక్కుని ఉంటుంది; అలాగని దాన్ని తాళం కప్పలో కొడితే తాళం బిగుసుకుపోతుంది.

ఉప్పు ఉన్నచోట లెక్క మారుతుంది

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. ఉప్పు ఆ పనిని రెండు విధాలుగా తొందరపెడుతుంది. ఇనుము మీది నీటి పొరలో విద్యుత్ సులువుగా పారేలా చేస్తుంది. వాన లేని రోజున కూడా గాలిలోని తేమను లాగి ఆ పొరను నిలబెడుతుంది. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ చెమ్మగిల్లదు. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు మాత్రం 33 శాతం దగ్గరే తడిసిపోతుంది. గోపాల్‌పూర్ గాలిలో తేమ అంత తక్కువకు దిగే రోజులు బహు తక్కువ; అందుకే తీరం పక్కన ఇనుప వస్తువు కంటికి పొడిగా కనిపిస్తున్నా దాని మీద సన్నటి తడి ఉంటూనే ఉంటుంది.

ఈ తేడాను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9223. వాతావరణాన్ని సీ1 నుంచి సీ5 దాకా, ఆపైన సీఎక్స్ అనే తీవ్రమైన తరగతిగా అది విడదీస్తుంది. మధ్యస్థమైన సీ3లో మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్లు తరిగితే, సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు తరుగుతుంది. రాయగడలో బాగా పనిచేసిన డబ్బా ఆర్యపల్లి తీరంలో ఎందుకు విఫలమైందో అడిగేవాళ్లకు సగం సమాధానం ఇదే. లోపలి ఊరికీ అలల పక్క ఊరికీ తుప్పు వేగంలో ఎన్నో రెట్ల తేడా ఉండవచ్చు.

ఇంకో సగం సమాధానం, స్ప్రే ఉప్పును తీసేయదు అన్నది. నీటిని పక్కకు నెట్టే ద్రవాలు నీటినే నెడతాయి. ఆరిన ఉప్పు నూనెలో కరగదు కాబట్టి అలాగే ఉండిపోతుంది, దాని మీద నూనె పొర కప్పుకుంటుంది. ఆ పొర కింద తుప్పు నెమ్మదిస్తుంది గానీ ఆగదు. మన తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు పడవకు బిగించే అవుట్‌బోర్డు ఇంజన్ల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, లోపలి నీటి దారులు కూడా మంచినీళ్లతో శుభ్రపరచి, ఆరాక తుప్పు నిరోధకం కొట్టిన ఇంజనుకూ, నేరుగా ఉప్పు మీదే కొట్టిన ఇంజనుకూ ఒక్క వానాకాలంలోనే తేడా తెలుస్తుంది. సముద్రం పక్కన ఏ కంపెనీ డబ్బా అన్నది రెండో ప్రశ్న. కడిగారా లేదా అన్నది మొదటి ప్రశ్న అని నా అభిప్రాయం.

కరెంటు పారే చోట: జిడ్డు మంచిదా, చెడ్డదా

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. నూనె విద్యుత్ నిరోధకం. మరి బ్యాటరీ టెర్మినల్‌కు వాజెలిన్ పూసినా, ప్లగ్గుకు డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటును పారనివ్వని గ్రీజు) రాసినా కరెంటు ఎలా పారుతుంది? రెండు లోహపు ముఖాలు కలిసేచోట అవి పూర్తిగా ఆనవు. కంటికి కనిపించని మిట్టల దగ్గర మాత్రమే ఆనుకుంటాయి. స్క్రూ బిగించినప్పుడు ఆ మిట్టల మధ్య నుంచి గ్రీజు పక్కకు జారిపోయి లోహం లోహాన్ని తాకుతుంది. పక్కకు జారిన గ్రీజు చుట్టూ ఉన్న పల్లాలను నింపి, గాలినీ తేమనూ లోపలికి రానివ్వదు. కాబట్టి గట్టిగా బిగించి వదిలేసే తీగ కీలుకు గ్రీజు మేలే చేస్తుంది.

కదులుతూ, నిప్పురవ్వలు రేపే కాంటాక్టుల (కలిసి విడిపోతూ కరెంటును కలిపే లోహపు ముఖాల) సంగతి పూర్తిగా వేరు. పంపు స్టార్టరులోని కాంటాక్టరు అనే అయస్కాంతపు స్విచ్చు ప్రతిసారీ తెరుచుకునేటప్పుడు చిన్న మెరుపు పుడుతుంది. అక్కడ నూనె ఉంటే అది కాలి మసిగా మారుతుంది. సిలికాన్ ఆవిరి అయితే ఇంకా చేటు: ఆ వేడికి విడిపోయి ఇసుకలో ఉండే సిలికా పదార్థంగానే కాంటాక్టు మీద పేరుకుంటుంది, అది గట్టి నిరోధకం. మూసి ఉన్న ప్యానెలు పెట్టెలో తలుపు కీలుకు కొట్టిన సిలికాన్ స్ప్రే కూడా పక్కనున్న రిలే అనే చిన్న స్విచ్చును పాడుచేయగలదు. వెండి మిశ్రమంతో చేసిన కాంటాక్టు ముఖాలు వాడకంలో నల్లబడటం మామూలే. ఆ నలుపును ఆకురాయితో గీకవద్దని, నూనె పూయవద్దని తయారీదారులే చెబుతారు. కాంటాక్టరు గుర్రుమంటే చాలామంది ముందుగా ఈ ముఖాలనే అనుమానిస్తారు. తరచుగా అసలు దోషం కింద ఉండే అయస్కాంతపు కోరు ముఖం మీది తుప్పు, దుమ్ము, చచ్చిన చీమలది. లేదంటే వోల్టేజీ తగ్గడానిది. అక్కడ పొడిగుడ్డతో తుడిస్తే పోయే మోతను, స్ప్రే కొట్టి జిగురు చేసి పెంచుకున్నవాళ్లు ఉన్నారు.

కాంటాక్ట్ క్లీనర్ ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటి త్వరగా ఆరే సాల్వెంట్ మురికిని కడిగి, ఏమీ మిగల్చకుండా ఎగిరిపోతుంది. ఏమీ మిగల్చదు కాబట్టి రేపటి తేమ నుంచి కాపాడదు కూడా. ఈ లోటు తీర్చడానికి ఎలక్ట్రికల్ గ్రేడ్ పేరుతో పలచటి నూనె పొర వదిలే మరో జాతి ఉంది. సీఆర్‌సీ 2-26 అందులో పేరున్నది. తేమ ఎక్కువగా చేరే జంక్షన్ పెట్టెలకు, బయట ఉండే టెర్మినళ్లకు ఆ పొర పనికొస్తుంది. మూసి ఉన్న ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే ఆగే స్విచ్చు) లోపలికి ఈ రెండు రకాల్లో ఏదీ కొట్టడానికి లేదు. దాని యంత్రాంగం విప్పకుండా వాడి, చెడితే మార్చేది.

తీగ బిగించిన కీలు పాడైతే ఏమవుతుందో చిన్న లెక్క. రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజు పంపు సుమారు 10 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. శుభ్రమైన స్క్రూ కీలు నిరోధం 0.005 ఓములైతే అక్కడ పుట్టే వేడి 10 × 10 × 0.005, అంటే అర వాటు. చిలుము పట్టి ఆ నిరోధం 0.2 ఓములకు చేరితే వేడి 20 వాట్లు, సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆ స్క్రూ కింద పెట్టినట్టే. అప్పుడు కూడా వోల్టేజీ తగ్గుదల రెండు వోల్టులే కాబట్టి పంపు మామూలుగానే తిరుగుతుంది; ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అల్యూమినియం సర్వీసు తీగ ఇత్తడి లేదా రాగి టెర్మినల్‌కు బిగించిన చోట ఇది మరీ త్వరగా జరుగుతుంది, ఎందుకంటే ఉప్పు తేమలో ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తింటాయి. దానికి విరుగుడు బైమెటల్ లగ్గు (రెండు లోహాలు కలిపి చేసిన తీగ మొన), జాయింటింగ్ కాంపౌండు అనే చిక్కటి పేస్టు. పలచటి స్ప్రే అక్కడ నిలవదు.

డబ్బా మీది వేల వోల్టులు

కొన్ని డబ్బాల మీద డైఎలెక్ట్రిక్ స్ట్రెంత్ అంటూ వేల వోల్టుల అంకె ఉంటుంది. అది చూసి కరెంటు ఆపకుండానే కొట్టవచ్చని భావించేవాళ్లున్నారు. ఆ అంకె, ప్రయోగశాలలో రెండు ధ్రువాల మధ్య నిర్ణీత ఖాళీలో శుభ్రమైన ద్రవాన్ని ఉంచి, ఎన్ని వోల్టుల దగ్గర మెరుపు దూకిందో చూసి రాసినది. ట్రాన్స్‌ఫార్మర్ నూనెను కూడా ఇలాగే 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో పరీక్షిస్తారు. వడకట్టని కొత్త నూనె కనీసం 30 కిలోవోల్టులు తట్టుకోవాలి. అదే నూనెలో తేమ, పీచు చేరితే ఆ అంకె ఘోరంగా పడిపోతుంది. బరంపురం వీధిలోని మీటరు పెట్టెలో నూనె, దుమ్ము, ఉప్పు, బల్లి రెట్ట అన్నీ కలిసే ఉంటాయి. ప్రయోగశాల అంకె అక్కడికి రాదు. పైగా కరెంటు ఉండగా కొట్టినప్పుడు అసలు ప్రమాదం నిప్పుతోనే: తోసే గ్యాసూ, సాల్వెంటూ ఎక్కువ డబ్బాల్లో మండేవే. మండని రకాలను కరెంటు ఉండగా వాడవచ్చని కొందరు తయారీదారులు చెబుతారు, శిక్షణ ఉన్న సిబ్బంది కర్మాగారాల్లో అలా వాడతారు కూడా. ఇంటి స్విచ్చుబోర్డుకు ఆ వాదన వర్తించదు, మెయిను ఆపడం అక్కడ ఒక్క క్షణం పని.

నీళ్లలో మునిగిన మోటారు

వరద తీసిన తర్వాత ఎక్కువగా వినిపించే సలహా, వైండింగు (మోటారు లోపలి తీగ చుట్లు) మీద నీటిని నెట్టే స్ప్రే కొట్టి మోటారు వేసి చూడమని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. టెర్మినల్ బోర్డు మీద పైపైన చేరిన చెమ్మను, తడిసిన స్పార్కు ప్లగ్గు తీగను ఆ స్ప్రే బాగానే ఆరబెడుతుంది. వైండింగు కాలువల లోతుల్లోకి, కాగితపు ఇన్సులేషన్‌లోకి ఇంకిన నీరు మాత్రం దానికి అందదు.

ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గరు అనే మీటరు పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. ఇన్సులేషన్ నిరోధం, మోటారు వోల్టేజీని కిలోవోల్టుల్లో రాసి ఒకటి కలిపితే వచ్చినన్ని మెగాఓములు ఉండాలని పాత సూత్రం. 415 వోల్టుల మోటారుకు అది సుమారు 1.4 మెగాఓములు. ఐఈఈఈ 43 ప్రమాణం ఇటీవలి రూపాలు చిన్న మోటార్లకు 5 మెగాఓములు అడుగుతున్నాయి. స్ప్రే కొట్టిన వెంటనే అంకె పెరిగినట్టు కనిపించవచ్చు, ఎందుకంటే పైతడి పోయింది. లోపలి తేమ మళ్లీ పైకి పాకాక కొన్ని గంటల్లో అది పడిపోతుంది. ఆ మధ్యలో మోటారు వేసినవాళ్లే రీవైండింగు ఖర్చు పెట్టుకుంటారు. మునిగింది ఉప్పునీటిలో అయితే ముందు మంచినీళ్లతో కడగాలి, అది వినడానికి ఎంత వింతగా ఉన్నా సరే. ఉప్పు లోపలే ఉంటే ఎన్నిసార్లు ఆరబెట్టినా గాలిలోంచి తేమను తిరిగి తెచ్చుకుంటుంది. తర్వాత ఓవెన్‌లోనో, మన ఊరి రీవైండింగు కొట్లలో చేసినట్టు స్టేటరు (మోటారులో తిరగని భాగం) మధ్య పెద్ద బల్బు వేలాడదీసో ఆరబెట్టడం, మెగ్గరు అంకె నిలకడగా ఉన్నాక వార్నిష్ పోయడం. ఎర్రటి ఇన్సులేటింగు వార్నిష్ స్ప్రే రూపంలోనూ దొరుకుతుంది. అది ఆరిన వైండింగు మీద పొర, తడిని ఆరబెట్టే మందు కాదు. తడి మీద కొడితే నీటిని లోపలే బంధిస్తుంది.

కదిలే భాగాలకు, వంటనూనె దాకా

సీలింగు ఫ్యానులో ఎక్కువగా కనిపించే 6202 బేరింగులో గ్రీజు నింపి, రెండు పక్కలా మూత వేసి ఇస్తారు. అది మోత పెడితే పలచటి స్ప్రే కొట్టడం వల్ల నాలుగు రోజులు నెమ్మదిగా తిరుగుతుంది. సాల్వెంట్ ఆ లోపల మిగిలిన కాస్త గ్రీజునూ కరిగించి బయటికి తెస్తుంది కాబట్టి ఆ తర్వాత మోత రెట్టింపవుతుంది. బేరింగు మార్చడమే చవక.

తాళం కప్పలకు గ్రాఫైటు పొడా, నూనె స్ప్రేనా అన్న వాదానికి మన ప్రాంతంలో ఏకాభిప్రాయం లేదు. గ్రాఫైటు దుమ్మును పట్టదు, కానీ తేమను ఆపదు. ఉప్పు తేమలో గ్రాఫైటు పక్కన లోహం ఇంకా త్వరగా తినుకుపోతుంది కూడా. దుమ్ము రోడ్డు పక్క కొట్టుకు పొడి కందెన, తీరం పక్క ఇంటికి పలచటి నూనె సరిపోతాయని నాకు తోస్తుంది.

బరంపురం పట్టు నేసే మగ్గాల దగ్గర ప్రశ్న వేరు. డిజైను నేయడానికి మగ్గం పైన ఉండే జకార్డు పెట్టె నుంచి ఒక్క నూనె బొట్టు పడితే చీర పాడు. సిలికాన్ తుంపర పట్టు మీద పడితే ఉతుకుతో సులువుగా వదలదు, రంగు కూడా సరిగా పట్టనివ్వదు. సాల్వెంట్ ఆరాక తడి లేకుండా నిలిచే టెఫ్లాన్ పొడి పొరకు ఇక్కడ అర్థముంది, అదీ బట్టకు దూరంగా పట్టుకుని కొడితే.

డబ్బా ఖరీదు చూసి కొబ్బరినూనె, ఆముదం, కిరోసిన్ కలిపిన ఇంజనాయిలు వాడేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. బిగిసిన నట్టును వదులు చేయడంలో కిరోసిన్ మిశ్రమం ఖరీదైన పెనెట్రెంట్లతో పోటీ పడుతుంది. ఆముదం లోహానికి బాగా అతుక్కుంటుంది. చిక్కు కాలంతో వస్తుంది: ఆముదం లాంటి చెట్టు నూనెలు గాలి తగిలి మెల్లగా జిగురు కడతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి కోరాపుట్ చలిలో ఉదయాన కుట్టుమిషను తొక్కితే కదలదు. మిషను నూనె బుడ్డి ఖరీదు ఎంతో ఉండదు, ఆ చిక్కులూ ఉండవు.

కదలని ఇనుము, గంటల లెక్క

గేటు, స్తంభం, పడవ లంగరు గొలుసు లాంటి వాటికి మైనం పొర లేదా జింకు పొడి ఎక్కువగా ఉన్న కోల్డ్ గాల్వనైజింగ్ స్ప్రే వాడతారు. జింకు తాను ముందుగా తినుకుపోయి ఇనుమును కాపాడుతుంది. అయితే జింకు కణాలు ఇనుమును నేరుగా తాకాలి, తుప్పు మీద కొడితే అది బూడిదరంగు పెయింటు మాత్రమే. ఈ డబ్బాల మీద సాల్ట్ స్ప్రే పరీక్షలో ఇన్ని వందల గంటలు అని ఉంటుంది. ఏఎస్‌టీఎం బీ117 అనే ఆ పరీక్షలో 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటిని ఆపకుండా చల్లుతారు. రెండు సరుకుల్లో ఏది మేలో పోల్చడానికి ఆ గంటలు పనికొస్తాయి. ఎండ, వాన, ఆరడం, తడవడం మారిమారి వచ్చే గోపాల్‌పూర్‌లో అవి ఎన్ని నెలలకు సమానమో చెప్పే సూత్రమేదీ లేదు.

ప్లాస్టిక్కు, రబ్బరు, ఊపిరి

పెట్రోలియం సాల్వెంట్లు ఇనుముకు హాని చేయవు గానీ, ఒత్తిడిలో బిగించి ఉన్న పాలికార్బొనేటు, ఏబీఎస్ ప్లాస్టిక్కులను పగలగొట్టగలవు. పగులు ఆ రోజే కనిపించదు, కొన్నాళ్లకు మీటరు మూత మీద సన్నటి గీతలుగా బయటపడుతుంది. సహజ రబ్బరు, ఈపీడీఎం రబ్బరు వాషర్లు పెట్రోలియం నూనెకు ఉబ్బుతాయి. సిలికాన్ స్ప్రేకు అసలైన చోటు ఇలాంటి రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలే. డబ్బాను 50 డిగ్రీలు దాటనివ్వవద్దని దాని మీదే ఉంటుంది, ఎండలో నిలిపిన కారు లోపల వేసవిలో ఆ వేడి దాటడం మామూలే. మండని కాంటాక్ట్ క్లీనర్లు కొన్నింటిలో పెర్‌క్లోరోఎథిలీన్ లాంటి క్లోరిన్ సాల్వెంట్ ఉంటుంది. నిప్పు భయం తగ్గినా దాని ఆవిరి తల తిప్పుతుంది, కాలేయానికి హాని చేస్తుంది. కాబట్టి కిటికీ లేని పంపు గదిలో మండని డబ్బాయే క్షేమం అనుకోవడానికి వీల్లేదు, ఆ గదిలో గాలి ఆడే దారి ఉండాలి.